టీవీ ముందు నాన్న, మైకు ముందు కూతురు

విశాఖపట్నంలోని కూర్మన్నపాలెం నుంచి ఒక తండ్రి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 57. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం, రిటైర్‌మెంట్‌కి ఇంకో మూడేళ్లుంది. ప్లాంటు కోసం భూములిచ్చిన ఊళ్లలో వాళ్లదీ ఒకటి. నాన్నగారి ఆర్ కార్డు, అంటే భూమి ఇచ్చిన కుటుంబానికి ఇచ్చే పునరావాస కార్డు మీద ఈయనకు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో భార్య, ఇరవై ఏళ్ల కూతురు. అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ, సాయంత్రాలు బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళుతోంది.

"డ్యూటీ నుంచి రాగానే డిబేట్ పెట్టుకోవడం నాకు అలవాటు. జనరల్ షిఫ్టు రోజుల్లో ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా చూస్తాను. చూస్తూ ఊరుకోలేను, తిడతాను" అని రాశారు. ఆయనకు ఒక పార్టీ మీద అభిమానం. ఆ పార్టీ వైపు మాట్లాడే చానలే పెడతారు, అవతలి చానల్ పెడితే ఒళ్లు మండుతుందట.

రెండు నెలల కిందట ఒక చానల్ వాళ్లు బీచ్ రోడ్డులో కుర్రాళ్లతో చర్చ పెట్టారు. అమ్మాయి స్నేహితులతో వెళ్లింది. మైకు తన దగ్గరికి వచ్చినప్పుడు, అక్కడున్న రెండు పార్టీల వాళ్లనీ కలిపి అడిగింది: ఎన్నికల ముందు ఉద్యోగాల గురించి ఒక మాట, గెలిచాక ఇంకో మాట ఎందుకు వస్తుందని. ఒకటిన్నర నిమిషం మాట్లాడానంటోంది. టీవీలో వచ్చింది పదిహేను సెకన్లు. ఆ పదిహేను సెకన్లలో ఉన్నది తండ్రి అభిమానించే పార్టీని నిలదీసిన సగమే.

తెల్లారేసరికి ఆ క్లిప్ ఆయన వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కింద ఒక పాత స్నేహితుడి మాట: "ఏటి గురూ, మీ అమ్మాయి అవతల పార్టీలో చేరిపోయిందేటి?" ఆ రాత్రి ఇంట్లో గొడవ. "నీకెందుకే రాజకీయాలు? రేపు కేసు పడితే బ్యాంకు ఉద్యోగం ఎవడిస్తాడు?" అని ఆయన అరిచారు. అమ్మాయి అరవలేదు. "రోజూ రెండున్నర గంటలు రాజకీయాలు మాట్లాడేది నువ్వు. నేను ఒక్కసారి మాట్లాడాను. మరి 2021లో టెంటు కింద కూర్చున్నది ఎవరు నాన్నా?" అని తన గదిలోకి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇంతలో రెండు కొత్త విషయాలు వచ్చాయి. క్లిప్ చూసి ఒక పార్టీ యువజన విభాగం నుంచి అమ్మాయికి ఫోన్ వచ్చింది, ఆలోచించి చెబుతానందట. పైగా కోచింగ్ ఒక ఏడాది ఆపేసి, స్నేహితుల బృందంతో బస్తీల్లో తిరిగి పింఛన్ల దరఖాస్తులు, స్కాలర్‌షిప్పులు, డ్రైనేజీ ఫిర్యాదుల పని చేస్తానని తల్లితో చెప్పింది.

"నేను ఆపాలా? ఆపితే నేను పిరికివాడిని అయినట్టా? ఈ పిచ్చి టీవీలూ ఫోన్లూ ఎక్కించిందేనా? మా ఆవిడ మాత్రం ముందు ఆ టీవీ కట్టేయండి అంటుంది." ఇదీ ఉత్తరం.

అయ్యా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చానళ్ల గురించి, పార్టీల గురించి, ఆ స్నేహితుడి మెసేజ్ గురించి దాదాపు నాలుగు పేజీలు రాశారు. టెంటు గురించి రాసింది రెండే వాక్యాలు: "2021లో రిలే దీక్షల్లో నేనూ కూర్చున్నాను. అప్పుడు అమ్మాయి పదో తరగతి, క్యారేజీ తెచ్చేది." మీ అమ్మాయి సంగతి ఎక్కడ మొదలైందో ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. మీరు దాన్ని టీవీలో వెతుకుతున్నారు.

2021 జనవరి 27న ప్లాంటులో వంద శాతం వాటా అమ్మాలని కేంద్ర మంత్రివర్గ కమిటీ నిర్ణయించింది. ఆ తర్వాత కూర్మన్నపాలెంలో మీరంతా ఏం చేశారో ఈ ఊరంతా చూసింది. ఆ రోజుల్లో గాజువాక బస్సులో వెళుతూ ఆ టెంటు చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. డ్యూటీ దిగి నేరుగా వచ్చి కూర్చున్నవాళ్లు, రిటైరై కర్ర పట్టుకుని వచ్చినవాళ్లు ఉండేవారు. పదిహేనేళ్ల పిల్ల క్యారేజీ పట్టుకుని అక్కడికి వచ్చేదంటే ఆ పిల్ల ఏం చూసి ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. తన తండ్రి, ఇంట్లో ఎప్పుడూ అలసిపోయి కనిపించే మనిషి, పదిమందితో కలిసి ఒక న్యాయమైన మాట కోసం ఎండలో కూర్చుని ఉన్నాడు. ఎవరూ ఆయన్ని తిట్టడం లేదు, గౌరవంగా చూస్తున్నారు. ఇది ఏ చానలూ ఎక్కించగలిగేది కాదు.

ఇంకా వెనక్కి వెళితే, మీ ఉద్యోగమే అలాంటి కుర్రాళ్ల వల్ల పుట్టింది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రోడ్డెక్కినవాళ్లలో విద్యార్థులు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ల ఇళ్లలో కూడా మీలాంటి తండ్రులు "నీకెందుకురా" అనే ఉంటారు. ఆ తండ్రుల భయం తప్పని నేను అనడం లేదు, అది నిజమైన భయం. ప్లాంటు వచ్చిందన్నదీ అంతే నిజం. మీ నాన్నగారు భూమిచ్చి ఆర్ కార్డు తెచ్చుకున్నారు. మీ ఇంట్లో మూడు తరాలుగా రాజకీయాలు భోజనాల దగ్గరే ఉన్నాయి. "నీకెందుకు రాజకీయాలు" అన్న మాట ఆ అమ్మాయికి అర్థం కాకపోవడంలో వింత లేదు.

అయితే మీ మీద నింద వేసి తప్పుకోవడం నాకు ఇష్టం లేదు. డిబేట్ చూసి తిట్టే అలవాటును తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఉన్నారు, నేను అలా అనను. ముప్పై ఏళ్లకు పైగా షిఫ్టులు చేసిన మనిషికి ప్లాంటు ఏమవుతుంది, పీఎఫ్ ఏమవుతుంది అన్న టెన్షన్ ఉంటుంది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు మీ కాలనీలో ఎంతమంది ఊపిరి పీల్చుకున్నారో, ఎంతమంది అయినా అనుమానంగానే ఉన్నారో నాకు తెలుసు. ఆ బాధ చెప్పుకోవడానికి మనిషికి ఒక చోటు కావాలి. ఆ టెంటు కింద కూర్చోవడం ఆగాక మీకు ఆ చోటు టీవీ అయింది.

చిక్కు ఎక్కడంటే, టెంటు కింద మీ పక్కన కూర్చున్న మనిషి ఏ పార్టీ అని మీరు అడగలేదు. ఎర్ర జెండా వాడు, పచ్చ జెండా వాడు, మూడు రంగుల జెండా వాడు ఒకే చాప మీద కూర్చున్నారు. టీవీ ముందు ఆ చాప లేదు. ఏ చానల్ ఏ పార్టీ వైపో మన దగ్గర చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. మీకు ఇష్టమైన చానల్ మీకు కొత్త సంగతి చెప్పాలని ఆ చర్చ పెట్టదు. మీరు అనుకుంటున్నదే ఇంకా గట్టిగా మీకు వినిపిస్తుంది, అవతలివాడి మీద కోపం చల్లారకముందే బ్రేక్ ఇస్తుంది. మీరు లేవకుండా కూర్చోవాలి, దానికి కావలసింది అంతే. దేశం మొత్తం మీద కొన్ని వేల ఇళ్లలో పెట్టిన మీటర్ల లెక్కను బట్టి రేటింగులు వస్తాయి, రేటింగులను బట్టి ప్రకటనలు వస్తాయి. ఆ లెక్కల్లో మోసం జరిగిందన్న ఆరోపణలు వచ్చి, 2020 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా న్యూస్ చానళ్ల రేటింగులే ఆపేశారు. ఆ ఏడాదిన్నర కూడా డిబేట్లలో అరుపులు తగ్గలేదు. అరుపులకు వాళ్లూ మనమూ అంతగా అలవాటు పడిపోయాం.

మీ అమ్మాయి ఒకటిన్నర నిమిషం పదిహేను సెకన్లు అవడానికి కారణం ఇదే. ఇద్దరినీ కలిపి అడిగిన ప్రశ్న ఎవరి వైపూ పనికిరాదు. సగానికి కోస్తే ఒకరి వైపు పనికొస్తుంది. మీ చానల్ అయినా అదే పని చేసేది, కాకపోతే రెండో సగం ఉంచేది. అప్పుడు మీరు గ్రూపులో గర్వంగా పెట్టుకునేవారేమో. ఈ మాట మిమ్మల్ని నొప్పించవచ్చు, అయినా దాని గురించి ఆలోచించమని అడుగుతున్నాను. మీకు కోపం తెప్పించింది అమ్మాయి మైకు పట్టుకోవడమా, ఏ పార్టీని అడిగిందన్నదా, లేక స్నేహితుల ముందు తల వంచుకోవాల్సి రావడమా? మూడూ వేరు వేరు. మొదటిది భయం, రెండోది అభిమానం, మూడోది పరువు. మీరు అరిచినప్పుడు భయం ఒక్కటే బయటికి చెప్పారు, అమ్మాయికి మిగతా రెండూ వినిపించాయి. అందుకే నమ్మలేదు.

భయం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. నలుగురిలో మైకులో ప్రశ్న అడిగినందుకు కేసు అవదు. అనుమతి లేని ఊరేగింపు, రోడ్డు దిగ్బంధం, పోలీసులతో తోపులాట వంటివాటిలో ఎఫ్ఐఆర్‌లో పేరు చేరే అవకాశం ఉంది. అలాంటి కేసు ఏళ్ల తరబడి సాగుతుంది కూడా. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చే ఫారంలో కేసుల గురించి అడుగుతారు. అక్కడ చాలామంది భయపడి దాచేస్తారు, ఆ దాచడమే కొంపలు ముంచుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది: అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలి, ఆపైన కేసు ఎంత తీవ్రమైనదో చూసి నిర్ణయించే అధికారం యాజమాన్యానికి ఉంటుంది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిన్న విషయాల్ని యాజమాన్యం పట్టించుకోకుండా వదిలేయవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. వదిలేసి తీరాలని మాత్రం కోర్టు అనలేదు. కాబట్టి మీ భయానికి ఆధారం ఉంది. కాకపోతే అది మీరు అనుకున్నంత పెద్దది కాదు. "రాజకీయాలు వద్దు" అనే బదులు "ఎక్కడికి వెళ్లినా అనుమతి ఉందో లేదో కనుక్కుని వెళ్లు, ఏదైనా కాగితం మీద నీ పేరు రాస్తే ఆ రోజే నాకు చెప్పు" అనండి. ఆ మాట అమ్మాయి వింటుంది. అందులో తనను ఆపాలన్న ఉద్దేశం ఉండదు, వెనకాల మీరున్నారన్న ధైర్యం ఉంటుంది.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, ఆపాలా అన్నది.

ఆపవచ్చు. ఇరవై ఏళ్ల పిల్ల మీ ఇంట్లోనే ఉంది, కోచింగ్ ఫీజు మీరే కడుతున్నారు. కోచింగ్‌కి వెళ్లకపోతే ఫోన్ కట్, చేతిఖర్చు డబ్బులు కట్ అంటే వెళుతుంది. వెళ్లి క్లాసులో కూర్చుంటుంది. పరీక్ష పాసవ్వచ్చు కూడా. కానీ టెంటు గురించి అడిగిన ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేదని తనకు తెలిసిపోతుంది. ఆ తర్వాత మీతో రాజకీయాలు మాట్లాడదు. అలాగే పెళ్లి గురించి, బదిలీ గురించి, జీతం గురించి ఏదీ మాట్లాడదు. ఇలా మాటలు ఆగిపోయిన ఇళ్లు నేను చూశాను. పైకి అంతా బాగానే ఉంటుంది, పండగకి వస్తారు, వెళతారు.

పూర్తిగా వదిలేయవచ్చు. అప్పుడు మొదట జరిగేది, ఆ యువజన విభాగం వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు. పార్టీలో చేరడం తప్పని నేను అనను. ఎవరూ చేరకపోతే పార్టీల్లో మిగిలేది వారసులే. కానీ ఆ అమ్మాయిని వాళ్లు పిలిచింది తను అడిగిన ప్రశ్న విని కాదు, కోసిన క్లిప్ చూసి. మిగతా సగం కూడా అడుగుతానంటే వాళ్లు మైకు ఇస్తారా? ఈ ఒక్క ప్రశ్న తనే వాళ్లని అడగాలి, జవాబు విని తనే నిర్ణయించుకోవాలి. మీరు మీ పార్టీ కళ్లతో "వాళ్లు దొంగలు" అన్నారంటే మాత్రం ఆ రోజే వెళ్లి చేరుతుంది.

నాకు తోచిన ఇంకో దారి ఉంది, అది ఈ రెండింటికంటే కష్టమైనది. ఎందుకంటే అందులో మీరు కూడా కదలాలి.

డిగ్రీ పూర్తి చేయడంలో రాజీ వద్దు, అది గట్టిగా చెప్పండి. కోచింగ్ విషయంలో కొంచెం పట్టు సడలించండి. బ్యాంకు క్లర్కు పరీక్షకు 28 ఏళ్ల దాకా, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు 30 ఏళ్ల దాకా వయసు ఉంది. ఇరవైలో ఒక ఏడాది వెనకబడితే తలుపులు మూసుకోవు. నష్టం లేదని కాదు. చదువు అలవాటు ఒకసారి తప్పితే మళ్లీ కూర్చోవడం కష్టం, తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరుతుంటే తనకే దిగులు పుడుతుంది. ఆ సంగతి తనతో ముందే మాట్లాడండి. వారంలో నాలుగు రోజులు చదువు, మిగతా రోజులు బస్తీ పని అని తనే ఒక ఒప్పందానికి రావచ్చు. అలా కుదరదు, ఏడాది మొత్తం కావాలంటే, ఆ ఏడాదికి ఒక తేదీ పెట్టుకోమనండి. ఇంకో సంగతి తనకు తెలుసో లేదో చెప్పండి: ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసరయ్యాక రాజకీయాల్లో చురుగ్గా పాల్గొనకూడదని సర్వీసు నిబంధనలు ఉంటాయి. నోరు తెరిచి అడగగలిగే కాలం తనకు ఇదే కావచ్చు. ఈ మాట తండ్రి నోట వస్తే దాని విలువ వేరు.

తను చేస్తానన్న పని ఏమిటో కూడా మీరు సరిగ్గా వినలేదనిపిస్తోంది. "బస్తీల్లో తిరుగుతుందట" అని రాశారు. పింఛను ఆగిపోయిన ముసలమ్మకి వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టించడం, అక్కడ పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇప్పించడం, జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టి 30 రోజులు ఎదురుచూడడం. ఇది చాలా విసుగు పుట్టించే పని. చప్పట్లు ఉండవు, క్లిప్పులు ఉండవు. ఇరవై ఏళ్ల ఆవేశం గట్టిదో కాదో తేలేది ఇక్కడే. ఆరు నెలలు ఈ పని చేసి కూడా చేస్తానంటే ఆ పిల్లని ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. మూడు నెలలకే విసుగొచ్చి కోచింగ్‌కి తిరిగి వెళితే, "నేను చెప్పలేదూ" అన్న మాట మీ నోట రాకూడదు. అంతకంటే మిమ్మల్ని కోరేది లేదు.

ఒక సోమవారం మీకు వీక్లీ ఆఫ్ పడితే తనతో కలెక్టరేట్‌కి వెళ్లండి. సలహాలు ఇవ్వడానికి వద్దు, క్యూలో నిలబడడానికి వెళ్లండి. రిలే దీక్షల్లో అర్జీలు రాసిన, అధికారుల చుట్టూ తిరిగిన అనుభవం మీకు ఉంది. ఆ కుర్రాళ్లలో ఒక్కరికీ అది ఉండదు.

క్లిప్ విషయం. కావాలంటే అమ్మాయి ఆ చానల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. 2021లో కేబుల్ టీవీ నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం చానల్ 15 రోజుల్లో జవాబు చెప్పాలి, ఆ జవాబు సంతృప్తిగా లేకపోతే చానళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు ఉంది. వాట్సాప్‌లో తిరిగేదాన్ని మాత్రం అది ఆపలేదు. ఫిర్యాదు చేస్తే పాత గొడవ మళ్లీ రేగవచ్చు కూడా. చేయాలా వద్దా అన్నది తనకే వదిలేయండి. మీరు చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఏ నిబంధనా అక్కర్లేదు. స్నేహితుడి మెసేజ్‌కి ఇంతవరకు జవాబివ్వలేదని రాశారు. "మా అమ్మాయి ఇద్దర్నీ అడిగింది, వాళ్లు సగమే వేశారు" అని అదే గ్రూపులో రాయండి. మీ పార్టీ మీద మీ అభిమానం అలాగే ఉండనివ్వండి, ఎవరూ దాన్ని వదులుకోమనడం లేదు. ఆ ఒక్క వాక్యం రాయడం మీకెంత కష్టమో నాకు తెలుసు. సోఫాలో కూర్చుని ఒక అభిప్రాయం చెప్పడానికి మనకు ఏమీ ఖర్చవదు. ఈ వాక్యానికి అవుతుంది. మీ అమ్మాయి బీచ్ రోడ్డులో చెల్లించింది అదే.

అది రాసే ముందు తన గది తలుపు తట్టి, "ఆ రోజు నువ్వు అడిగిన ప్రశ్న మొత్తం నాకు చెప్పు" అనండి. ఈ రెండు నెలల్లో ఆ ఒకటిన్నర నిమిషం మీరు వినలేదు. టెంటులో కూర్చున్నది ఎవరని అడిగింది కదా, దానికీ జవాబు చెప్పండి. అక్కడ కూర్చున్నప్పుడు మీకు ఏం భయమేసిందో, జీతం కోత పడుతుందని ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో, అయినా ఎందుకు వెళ్లారో చెప్పండి. పిల్లలకు మన ధైర్యం కనిపిస్తుంది, దాని వెనక ఉన్న భయం మనం చెబితే తప్ప తెలియదు. మీరు చెప్పకపోతే ధైర్యం అంటే భయం లేకపోవడమని తను అనుకుంటుంది, అలా అనుకునే పిల్లలే ప్రమాదంలో పడతారు.

మీకు పద్దెనిమిది ఏళ్లు నిండినప్పుడు మీకు ఓటు కూడా లేదు. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 1989లో. మీ అమ్మాయికి ఇప్పటికే ఓటుంది. తను ఎవరికి వేస్తుందో అడగకండి.

చివరగా మీ భార్య సంగతి. ఆరు పేజీల్లో ఆవిడ మాటగా మీరు రాసింది ఒక్క వాక్యం, "ముందు ఆ టీవీ కట్టేయండి" అని. ఏడున్నరకి ఆవిడ చూసే సీరియల్‌ని మీరు పనికిమాలిందన్నారు, అదే సమయానికి మీ డిబేట్ వస్తుంది కాబట్టి రిమోట్ మీదే అన్నారు. ఆవిడకి మీ ఇద్దరి మీదా, పార్టీల మీదా, కోచింగ్ మీదా అభిప్రాయం ఉండే ఉంటుంది. అమ్మాయి ఏడాది ఆపుతానన్న మాట ముందు చెప్పింది ఆవిడకే. ఆవిడేమందో మీరు రాయలేదు, బహుశా అడగలేదు. ఒక వారం ఏడున్నరకి ఆవిడ సీరియల్ పెట్టనివ్వండి, పక్కన కూర్చుని చూడండి, మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు అడగండి. మళ్లీ ఉత్తరం రాస్తే, ఆవిడ ఏమందో అది ముందు రాయండి.